మిషనక్క చీటీలు

కుట్టుమిషను మొరాయిస్తే మనుషులు ముందు దాన్ని తిడతారు. తర్వాత నెత్తిమీద ఒకటి చరుస్తారు. ఆ రెండూ అయ్యాక మిషనక్క దగ్గరికి మోసుకొస్తారు. ఈ వరస ఇరవై ఆరేళ్ళుగా మారలేదు. "ఆ కొట్టేదేదో కొట్టకముందే తేవచ్చు కదా" అని ఆవిడ కూడా ఇరవై ఆరేళ్ళుగా అంటూనే ఉంది. వినేవాడెవడు?

బజారు భవనంలో, మెట్ల కింద గది ఆవిడ షాపు. పొడుగ్గా ఉన్నవాళ్ళు తల వంచి రావాలి, వంచకపోతే మెట్లే వంచుతాయి. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, నూనె డబ్బాలు, గోడకి పెద్ద నుంచి చిన్నకి వరసగా వేలాడే స్క్రూడ్రైవర్లు. ఆవిడ మిషను విప్పదు ముందు. కళ్ళు మూసుకుని, దాని నడుముకి చెవి ఆనించి, చక్రం నెమ్మదిగా తిప్పుతుంది. కాసేపటికి "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వచ్చిందంటే రోగం దొరికినట్టే.

ఒకప్పుడు ఆవిడ యూనిఫారాలు కుట్టే చోట పనిచేసేది. మిషను ఆగితే మెకానిక్కు వారానికి గానీ వచ్చేవాడు కాదు, వచ్చినా కాఫీ తాగి, "పార్టు రావాలి" అని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఒళ్ళు మండి తనే విప్పేసింది. లోపల ఇరుక్కున్న దారం ముక్క తీసి మళ్ళీ బిగిస్తే మిషను లేడిపిల్లలా పరుగెత్తింది. ఆ రోజు నుంచి ఆవిడకి కుట్టడం మీద మనసు పోయి, కుట్టేవాటి మీద పడింది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "తీరిక దొరకలేదు" అని చెబుతుంది. అది అబద్ధమని ఎవరూ నిరూపించలేకపోయారు.

ఆవిడ షాపులో ఒక పద్ధతి ఉంది. మిషను రాగానే "చెప్పండి, ఏం ఇబ్బంది?" అని అడుగుతుంది. వాళ్ళు చెప్పింది ఒక అట్టముక్క మీద రెండు మాటల్లో రాస్తుంది. ఆ అట్టని చేత్తో అడ్డంగా చింపి, రాసిన సగం మిషనుకి కడుతుంది, రెండో సగం మనిషి చేతిలో పెడుతుంది. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు రెండు సగాలూ అంచులు కలవాలి, అంతే. పేరు రాయదు. "పేరుతో నాకేం పని? నేను బాగుచేసేది ఇబ్బందిని" అంటుంది.

అంతా బాగానే ఉండేది, మిషన్లు వచ్చినంతకాలం. ఇప్పుడు అందరూ రెడీమేడ్ బట్టలు కొనుక్కుంటున్నారు, టైలర్లు ఒక్కొక్కరూ షట్టర్లు దించేస్తున్నారు. పోయిన మూడు నెలల్లో మిషనక్క గడప తొక్కిన మిషన్లు ఐదంటే ఐదు. అందులో ఒకటి బాగానే ఉంది, దాని యజమాని కళ్ళద్దాలు మార్చుకోవాలి.

ఇది చూసి ఆవిడ తమ్ముడు పట్టుబట్టాడు. తమ్ముడు రికార్డుల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, ముత్యాల్లాంటి చేతిరాత. భార్య పోయి మూడేళ్ళయింది. రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తాడు, రెండు రోజులకోసారి "ఇటువైపు పని ఉండి వచ్చా" అంటూ షాపుకొచ్చి, ఆ పనేమిటో చెప్పకుండా గంటసేపు స్టూలు మీద కూర్చుంటాడు.

"ఇంకా ఎన్నాళ్ళక్కా ఈ మెట్ల కింద? మా ఇంటికి వచ్చేయ్. కాలు కింద పెట్టకుండా చూసుకుంటా" అన్నాడు.

"కాలు కింద పెట్టకపోతే పెడల్ ఎలా తొక్కుతానురా?"

"నవ్వులాట కాదు. వచ్చే నెలాఖరు దాకా చూద్దాం. ఒక్క పెద్ద పని, క్రమంగా వచ్చేది, దొరికిందా సరే. లేదంటే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాలి. మాటివ్వు."

మూడు నెలలకి ఐదు మిషన్లు చూసిన మనిషి ఏ నోటితో కాదంటుంది? మాటిచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదని మర్నాడు తనే ఒప్పుకుంది. పని లేకుండా కూర్చోవడం అంటే ఆవిడకి చచ్చేంత భయం.

ఇక్కడ మేనకోడలు రంగంలోకి దిగింది. తమ్ముడి కూతురే, కానీ ఈ పోటీలో అత్త పక్షం. ఏదో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. ప్రతి నెలా చివరి మంగళవారం ఒక హోటల్ హాల్లో వ్యాపారస్తుల నెట్‌వర్కింగ్ మీటింగ్ జరుగుతుందట. దానికి అత్త పేరు రాయించేసింది.

"అక్కడేం చేస్తారే?"

"ఒకళ్ళనొకళ్ళు పరిచయం చేసుకుంటారత్తా. కార్డులిచ్చుకుంటారు. అలా పనులు దొరుకుతాయి."

"తెలియనివాళ్ళ దగ్గరికెళ్ళి, నేను చాలా గొప్పదాన్నని చెప్పాలా?"

"ముప్పై సెకన్లలో చెప్పాలి."

మేనకోడలు దళసరి కాగితం మీద కార్డులు అచ్చు వేయించింది. ఎడమవైపు కుట్టుమిషను బొమ్మ, దాని కింద "మిషనక్క". కుడివైపు షాపు చిరునామా, ఫోన్ నంబరు. ముప్పై సెకన్ల ప్రసంగం కూడా రాసిచ్చింది: "నమస్కారం, ఇరవై ఆరేళ్ళ అనుభవంతో, నాణ్యమైన సేవలతో..." మిషనక్క వారం రోజులు దాన్ని మిషన్ల ముందు అప్పజెప్పింది. అవి నోరెత్తలేదు కాబట్టి బాగానే ఉందనుకుంది.

మంగళవారం సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. అడుగు పెడితే చప్పుడు కాని మెత్తటి తివాచీ. ఒక చేతిలో కాఫీ కప్పు, మరో చేతిలో కార్డు పట్టుకుని ఎనభై మంది, కరచాలనం ఏ చేత్తో చేస్తారో ఆ దేవుడికే తెలియాలి. అందరి మెడలోనూ పేరు పట్టీ. ఆ గదిలో వ్యాపారం దెబ్బతిన్నవాడు ఒక్కడూ లేడు. ఒకాయన పని "బ్రహ్మాండం", ఇంకొకాయనది "ఊపిరి తిరగడం లేదు". ఇంతమంది ఇంత పచ్చగా ఉంటే ప్రపంచం ఇలా ఎందుకుందో మరి!

మిషనక్క తలుపు వైపు చూసింది. వెనక్కి తిరిగి పోదామా అనుకుంటుండగా ఖరీదైన కోటు వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి నిలబడింది. ముప్పై సెకన్ల ప్రసంగం మొదటి ముక్క కోసం మిషనక్క వెతికింది. లేదు. మొత్తం ఊడ్చుకుపోయింది. బల్లకి అవతల మనిషి నిలబడి ఎదురుచూస్తుంటే ఇరవై ఆరేళ్ళుగా ఏ మాట వస్తుందో ఆ మాటే వచ్చింది.

"చెప్పండమ్మా, ఏం ఇబ్బంది?"

కోటావిడ నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"చెప్పు కరుస్తోందండీ. ఎడమ కాలు. రెండు గంటల నుంచి నవ్వుతూ నిలబడ్డాను, ప్రాణాలు పోతున్నాయి."

"ఊఁ" అంది మిషనక్క. చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. దొరికిన అట్ట తీసి, వెనకవైపు "ఎడమ మడమ, కొత్త తోలు" అని రాసి, చర్రున చింపి, ఒక సగం ఆవిడ చేతిలో పెట్టింది. కోటావిడ ఆ ముక్కని, మిషనక్కని మార్చి మార్చి చూసి, ఆ సాయంత్రం మొదటిసారి నిజంగా నవ్వింది. వెళ్ళి ఎవరికో చెప్పినట్టుంది. కాసేపటికి ఇంకొకాయన వచ్చాడు.

ఆయన ప్రింటింగ్ ప్రెస్సాయన. ముందు "మా దగ్గర పని బ్రహ్మాండం" అన్నాడు. "సంతోషం. ఇబ్బందేంటి?" అంది మిషనక్క. ఆయన కొంచెంసేపు నీళ్ళు నమిలి, పొద్దున పూట మిషను ఖాళీగా ఉంటోందని, అప్పుడు పనివాళ్ళ మొహం చూడలేక తను బయట తిరుగుతున్నానని కక్కేశాడు. సంగీతం టీచరమ్మ వచ్చింది. ముప్పై పాటల పుస్తకాలు వేయించాలంటే ఏ ప్రెస్సూ పలకడం లేదట, వెయ్యికి తక్కువైతే వద్దంటున్నారట. ఒక లాయరుకి సంచి జిప్పు పట్టడం లేదు. కుర్చీలమ్మే ఆయన సొంత కుర్చీయే కిర్రుమంటోంది, కొనడానికొచ్చినవాళ్ళ ముందు కూర్చోలేకపోతున్నాడు. వ్యాపారం గురించి ఎవరైనా అడుగుతారు. ఇబ్బందేంటని అడిగినవాళ్ళు వాళ్ళకి ఎన్నాళ్ళకి దొరికారో పాపం, వరసకట్టి చెప్పుకున్నారు.

చివరగా కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడ్డ ఒక భారీ మనిషి కనిపించాడు. పడవల్లో వెళ్ళేవాళ్ళు వేసుకునే రక్షణ జాకెట్లు కుట్టించే ఫ్యాక్టరీ ఆయనది.

"చెప్పండి, ఏం ఇబ్బంది?"

"నాకేం ఇబ్బంది? ఏ ఇబ్బందీ లేదు" అన్నాడాయన, అవసరమైనదానికన్నా ఒక మెట్టు గట్టిగా.

చప్పుడు చేసే మిషనుకి భయం లేదు, ఉన్నట్టుండి చప్పుడు ఆపేసినదాన్నే చూసుకోవాలి, అని మిషనక్కకి తెలుసు. "చప్పుడు లేదు" అని రాసి, చింపి, సగం ఆయన చేతిలో పెట్టి వచ్చేసింది.

తిరుగుప్రయాణంలో బస్సులో మేనకోడలు సంబరపడిపోతోంది.

"నీ చుట్టూ జనం చూశానత్తా! ఎన్ని కార్డులిచ్చావు?"

"ముప్పై ఒకటి. సగం సగం."

"సగమేంటి?"

మిషనక్క సంచిలోంచి ముప్పై ఒక్క ముక్కలు తీసి చూపించింది. మేనకోడలు ఒక ముక్క తిప్పి చూసి గుడ్లు తేలేసింది.

"ఫోన్ నంబరున్న సగం మన దగ్గరే ఉందత్తా! వాళ్ళకి బొమ్మలిచ్చి వచ్చావు!"

"రాసిన సగం నా దగ్గరే ఉండాలి కదే మరి?"

మేనకోడలు తల పట్టుకుంది. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నిట్టూర్చింది. తర్వాత ఎవరు మొదలుపెట్టారో గానీ, ఇద్దరూ దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా నవ్వారు.

నవ్వు నవ్వే, నెల నెలే. ఫోన్ మోగలేదు, మోగితే తమ్ముడు. ఇంట్లో ఒక గదికి రంగు వేయించానన్నాడొకసారి. కొత్త మంచం వచ్చిందన్నాడు ఇంకోసారి. "కిటికీలోంచి గాలి బాగా వస్తుందక్కా" అన్నాడు. మిషనక్క ఫోన్ బల్ల మీద పెట్టేసింది. తల ఎత్తి చూస్తే, గోడ మేకుకి గుచ్చిన ముప్పై ఒక్క చీటీలు. చీటీ రాశాక పని చేయకుండా వదిలేయడం ఆ షాపులో ఎప్పుడూ లేదు. స్టూలు ముందుకి లాక్కుని మొదటి చీటీ తీసింది.

మళ్ళీ మంగళవారం వచ్చింది. మిషనక్క ఈసారి ప్రసంగం నేర్చుకోలేదు, పనిముట్ల సంచి తెచ్చుకుంది. తలుపు దగ్గరే కోటావిడ ఎదురైంది. చేతిలో సగం కార్డు.

"నంబరు లేకుండా ఇచ్చి వెళ్ళిపోయారేంటండీ! పారేద్దామంటే సగం ముక్కని పారేయబుద్ధి కాలేదు. నెలంతా పర్సులోనే ఉంది."

మిషనక్క అంచులు కలిపి చూసింది. కలిశాయి. సంచిలోంచి మడమ ఆకారంలో కత్తిరించిన మెత్తటి గుడ్డముక్క తీసి, చెప్పులో అతికించి, "నడవండి" అంది. కోటావిడ హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, తిరిగి వచ్చేటప్పుడు దాదాపు పరుగెత్తింది.

ఆ తర్వాత చూడాలి! హాల్లో అక్కడక్కడా చేతులు లేచాయి, చేతుల్లో సగం కార్డులు. లాయరు జిప్పుకి మైనం రాస్తే వెన్నలా జారింది. కుర్చీలాయన మిషనక్క ఇచ్చిన నూనె సీసా జేబులో వేసుకుని, ఎవరూ చూడలేదు కదా అని చూసుకున్నాడు. మిషనక్క ప్రెస్సాయన చీటీ ఒక చేత్తో, టీచరమ్మ చీటీ ఒక చేత్తో పట్టుకుని ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టింది.

"ఈయన మిషను పొద్దున ఖాళీ. ఈవిడకి ముప్పై పుస్తకాలు కావాలి. ఇక మీరూ మీరూ చూసుకోండి."

పోయిన నెల వాళ్ళిద్దరూ ఆ హాల్లోనే రెండు గజాల దూరంలో నిలబడి, ఎవరికి వాళ్ళు తమ పని బ్రహ్మాండమని చెప్పుకున్నారు. ఇప్పుడు ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం పడుతూ మాట్లాడుకుంటున్నారు. మిషనక్కకి నవ్వొచ్చింది. మొత్తం ముప్పై చీటీలు తీరిపోయాయి. కానీ వాటిలో ఏదీ క్రమంగా వచ్చే పని కాదు. తమ్ముడి గడువు శనివారం.

మిగిలింది ఒక్క చీటీ. జాకెట్లాయన అదే కిటికీ దగ్గర ఉన్నాడు. ఆవిడని చూడగానే చొక్కా జేబులోంచి సగం కార్డు తీశాడు. అంచులు నలిగిపోయి ఉన్నాయి.

"దీని మీద ఏం రాశారో నెల నుంచి ఆలోచిస్తున్నాను" అన్నాడు.

ఆవిడ తన సగం చూపించింది. "చప్పుడు లేదు." ఆయన దాన్ని చాలాసేపు చదివాడు, రెండే మాటలైనా.

"కుట్టు తప్పుతోందండీ. ఒక వరసలో ఎనిమిది మిషన్లు, మూడు నెలలైంది. ఒక మనిషి ప్రాణం ఆ కుట్టు మీద ఉంటుంది, అందుకని ఆ వరసలోది ఒక్కటీ బయటికి పంపలేదు. ఇద్దరు మెకానిక్కులొచ్చి మిషన్లు బాగానే ఉన్నాయన్నారు. ఇక్కడున్నవాళ్ళలో సగం మంది నా దగ్గర కొనేవాళ్ళకి తెలిసినవాళ్ళే. ఎవరితో చెప్పుకోను?"

"రేపు పొద్దున వస్తాను" అంది మిషనక్క.

ఫ్యాక్టరీలో నలభై మిషన్లు, ఐదు వరసలు. గోడ పక్క వరసలో ఎనిమిది మంది ఆడవాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. "వీళ్ళ చేతులే సరిగ్గా లేవు" అన్నాడు సూపర్‌వైజరు. మిషనక్క ఆయన్ని పట్టించుకోలేదు. మొదటి మిషనుకి చెవి ఆనించింది. రెండోదానికి. మూడోదానికి. "ఊఁ" రాలేదు. అప్పుడు మిషనుని వదిలి, దాని ముందు కూర్చున్న పెద్దావిడని అడిగింది.

"చెప్పమ్మా, ఏం ఇబ్బంది?"

"మమ్మల్ని అడిగింది మీరొక్కరే" అంది ఆ పెద్దావిడ. "తుమ్ములండీ. ఈ ఫ్యాన్ పెట్టిన దగ్గర్నుంచి ఒకటే తుమ్ములు. సారు మా మీద జాలిపడి పెట్టించారు కదా, వద్దని ఎలా అంటాం?"

మిషనక్క తల ఎత్తింది. గోడకి కొత్త ఫ్యాన్. దాని వెనక, జాకెట్లలో కూరే స్పాంజి కోసే బల్ల. మిషను అడుగున దారం కండె ఉండే బాబిన్ కేసు విప్పి గోటితో గీరింది. దారాన్ని బిగించి పట్టే చిన్న రేకు కింద, కంటికి ఆనని స్పాంజి పొడి మెత్తగా పేరుకుని ఉంది. రేకు దారాన్ని పట్టుకోవడం లేదు. మెకానిక్కులు విప్పినప్పుడల్లా తుడుచుకుపోయేది, ఫ్యాన్ మళ్ళీ నింపేది.

"ఊఁ" అంది.

ఫ్యాన్ తీసి అవతలి గోడకి పెట్టించి, ఎనిమిది బాబిన్ కేసులూ కడిగేసరికి మధ్యాహ్నమైంది. ఎనిమిది మిషన్లూ ఒకే శ్రుతిలో పాడాయి. జాకెట్లాయన జేబులోంచి ఒక కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. అందులో ఎనిమిది పేర్లున్నాయి. వారం తిరిగేలోగా ఆ ఎనిమిది మందినీ మాన్పించేయాలని సూపర్‌వైజరు రాసిచ్చిన జాబితా అది.

"ప్రతి బుధవారం మీరు రావాలి. నలభై మిషన్లూ ఇక మీ చేతుల్లోనే" అన్నాడాయన. ఎనిమిది మందిలో ఒకావిడ చప్పట్లు కొట్టింది, తర్వాత హాలంతా కొట్టింది. మిషనక్క కళ్ళు తుడుచుకుంటూ, స్పాంజి పొడి పడిందని చెప్పింది. ఫ్యాన్ అవతల ఉందని ఎవరూ గుర్తు చేయలేదు.

శనివారం తమ్ముడు వచ్చాడు. మెట్లకి తల తగిలించుకుని వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. మిషనక్క పూసగుచ్చినట్టు అంతా చెప్పింది. నలభై మిషన్లు. ప్రతి బుధవారం.

"మంచిదక్కా. చాలా మంచిది" అన్నాడు తమ్ముడు. లేచాడు. "మరి నేను వెళ్ళొస్తా. ఆ గది... చూద్దాంలే, సామాన్లు పెట్టుకోవచ్చు."

తలుపు వైపు తిరిగాడు. మిషనక్క చెయ్యి నూనెగుడ్డ మీదే ఉండిపోయింది. ఊళ్ళో ముప్పై ఒక్క మందిని అడిగింది, చెప్పు కరిచినవాళ్ళనీ, కుర్చీ కిర్రుమన్నవాళ్ళనీ అడిగింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ గెలిచి వచ్చింది, తోడబుట్టినవాణ్ణి మాత్రం ఒక్కసారి అడగలేదు.

"ఆగరా. ఏం ఇబ్బంది నీకు?"

"నాకేం ఇబ్బంది? ఏ ఇబ్బందీ లేదు."

"కూర్చో."

కూర్చున్నాడు. బల్ల మీది స్క్రూ ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"పొద్దున అమ్మాయి ఆఫీసుకి వెళితే మళ్ళీ సాయంత్రమే అక్కా. ఒక్కోరోజు మధ్యాహ్నం నా గొంతు పనిచేస్తోందా లేదా అని నీకు ఫోన్ చేస్తా. నువ్వొస్తే ఇంట్లో రెండు మాటలు వినపడతాయని..."

మిషనక్కకి దుఃఖం ముంచుకొచ్చింది. నన్ను చూసుకుంటానంటున్నాడని చిరాకుపడ్డానే, తనని చూసుకోమని అడుగుతున్నాడని తెలియలేదే అనుకుంది. మేకుకి ఉన్న తాళంచెవి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"మాటంటే మాట. తాళంచెవి నీకిస్తానన్నాను, ఇదిగో. బుధవారాలు నేనుండను, షాపు నువ్వు తీయాలి. మిగతా రోజులూ నువ్వే తియ్యి. తొమ్మిదికల్లా తీయాలి, తొమ్మిదీ ఐదు కాదు."

"నాకు మిషన్ల గురించి ఏం తెలుసక్కా?"

"తెలియక్కర్లేదు. ఇబ్బందేంటని అడుగు. చెప్పింది రాయి. చింపి సగం ఇవ్వు. నీ చేతిరాత ఊరికే పోతోంది."

తమ్ముడు తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. తర్వాత ఎప్పటిలా పద్ధతిగా, రెండో స్టూలుని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

బుధవారం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి షాపులో ఒక పాత మిషను ఉంది. దానికి కట్టిన చీటీ మీద చోటు చాలక వెనకవైపు కూడా రాసి ఉంది, ముత్యాల్లాంటి అక్షరాల్లో: పెడల్ బరువుగా ఉంది, తెచ్చినావిడకి మోకాలి నొప్పి కూడా ఉంది, వాళ్ళ అబ్బాయికి పరీక్షలట, ఆవిడ గంటన్నర కూర్చుంది, టీ తాగింది, మళ్ళీ రేపు వస్తానంది.